జూనియర్ లీగా, కాలేజీ హాకీయా: పదహారేళ్ళ అబ్బాయిని ఎటు పంపాలి?

మిస్సిసాగా_అమ్మ | 2025 ఆగస్టు 17

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదహారేళ్ళు. ఐస్ హాకీ ఆడతాడు: ఎడమచేతి వాటం, డిఫెన్స్. వచ్చే నెలలో పదకొండో తరగతి మొదలవుతుంది. ఏప్రిల్‌లో జరిగిన ఓహెచ్‌ఎల్ (ఒంటారియో హాకీ లీగ్) డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే చోట, మధ్య రౌండ్లలో ఒక జట్టు వాణ్ణి ఎంచుకుంది. ఆ ఊరు మా ఇంటి నుంచి కారులో ఏడు గంటలు. ఈ నెలాఖరున శిక్షణ శిబిరం ఉంది. బాగా ఆడితే అక్కడే ఒప్పందం మీద సంతకం పెట్టమంటారట.

మరోవైపు ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఓ జూనియర్ ఎ (ఓహెచ్‌ఎల్ కన్నా ఒక మెట్టు కింది స్థాయి) జట్టు ఉంది. "ఇక్కడే ఆడనివ్వండి, బడి మారక్కర్లేదు, రెండేళ్ళలో అమెరికాలో కాలేజీ జట్టుకు పంపుతాం" అని ఆ కోచ్ అంటున్నాడు. మావారికి ఓహెచ్‌ఎల్ అంటే ఇష్టం. నాకు వాడి చదువు మీద బెంగ. వాడికి లెక్కలు, రసాయన శాస్త్రం ఇష్టం; మంచి మార్కులే వస్తున్నాయి. పదహారేళ్ళ పిల్లవాణ్ణి వేరొకరి ఇంట్లో ఉంచి ఆడించడానికి నాకింకా మనసు ఒప్పడం లేదు.

మీలో పిల్లల్ని ఈ రెండు దారుల్లో దేనికైనా పంపినవారు ఉంటే దయచేసి వివరంగా రాయండి. గెలుపు కథలే కాదు, ఇబ్బందులు కూడా.

నీలిగీత | 2025 ఆగస్టు 17

మీ వాడికి అభినందనలండీ. ఏ రౌండ్ అయినా ఒంటారియోలో డ్రాఫ్టులో పేరు రావడం చిన్న విషయం కాదు. మేము మిచిగన్‌లో ఉంటాం. మా పెద్దవాడు యూఎస్‌హెచ్‌ఎల్ అనే అమెరికా జూనియర్ లీగ్‌లో రెండేళ్ళు ఆడి ఇప్పుడు డివిజన్ 1 (కాలేజీ ఆటలో పై స్థాయి) కాలేజీలో మూడో ఏడాదికి వచ్చాడు.

ముందుగా ఒక ముఖ్యమైన మార్పు చెప్పాలి, ఎందుకంటే మీ కోచ్ మాటల్లో పాత లెక్క వినిపిస్తోంది. దశాబ్దాలుగా సీహెచ్‌ఎల్‌లో, అంటే కెనడా పెద్ద జూనియర్ లీగ్‌లైన ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్ (పడమటి వైపు), క్యూఎంజేహెచ్‌ఎల్ (క్యూబెక్ వైపు) మూడింటిలో దేనిలో ఆడినా అమెరికా కాలేజీ తలుపు మూసుకుపోయేది. ఎన్‌హెచ్‌ఎల్ (అన్నిటికన్నా పెద్ద వృత్తి లీగ్) ఒప్పందం ఉన్న కుర్రాళ్ళు అక్కడ ఆడతారు, ఆటగాళ్ళకు నెలనెలా కొంత భత్యం ఇస్తారు కాబట్టి దాన్ని వృత్తి హాకీగా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) లెక్కగట్టేది. శిబిరానికి వెళ్ళినా 48 గంటలు దాటకుండా తిరిగి రావాలని తల్లిదండ్రులు గడియారం చూసుకుంటూ కూర్చునేవారు. ఒంటారియో కుర్రాడొకడు పదహారేళ్ళప్పుడు ఓహెచ్‌ఎల్ జట్టు విండ్సర్ తరఫున రెండే రెండు సన్నాహక ఆటలు ఆడి కాలేజీ అర్హత పోగొట్టుకున్నాడు. అతని పేరుతోనే 2024 ఆగస్టులో బఫలో కోర్టులో దావా పడింది. ఆ నవంబరు 7న ఎన్‌సీఏఏ డివిజన్ 1 మండలి నిబంధన మార్చింది. ఈ ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

అంటే మీ అబ్బాయి ఓహెచ్‌ఎల్‌లో ఆడినా తర్వాత కాలేజీకి వెళ్ళవచ్చు. రెండు షరతులు మరిచిపోకండి. ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. ఆడటానికి అయ్యే అవసరమైన ఖర్చులకు మించి జట్టు నుంచి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి "కాలేజీ కావాలంటే జూనియర్ ఎ లోనే ఉండాలి" అనే మాట ఈ నెలతో చెల్లిపోయింది.

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 18

నీలిగీత గారు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను రెండో వైపు చెబుతాను. మా అబ్బాయి డబ్ల్యూహెచ్‌ఎల్‌లో నాలుగు సీజన్లు ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు ఇక్కడే కెనడాలో యూనివర్సిటీ జట్టుకు ఆడుతూ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఫీజులు, పుస్తకాలు జూనియర్ లీగ్ స్కాలర్‌షిప్పే భరిస్తోంది. ఆడిన ప్రతి సీజన్‌కూ ఒక ఏడాది చదువు ఖర్చు, అదీ పద్ధతి. మా జేబులోంచి పోయింది ఉండటానికీ తినడానికీ మాత్రమే.

మొదటి ఏడాది ఎలా గడిచిందో చెప్తానమ్మా. మన తెలుగు ఇళ్ళలో ఎవరూ చెప్పని సంగతి ఇది. పదహారేళ్ళవాణ్ణి ఇంకో ఇంట్లో పెట్టారు. అతిథి కుటుంబం అంటారు గానీ, వాళ్ళు నిజంగా మా వాణ్ణి సొంత బిడ్డలా చూసుకున్నారు. ఆ ఇంటావిడ వారానికోసారి నాకు ఫోను చేసి ఏం తిన్నాడో, ఎన్నింటికి పడుకున్నాడో చెప్పేది. నాకు దిగులు కలిగించింది బస్సు. డబ్ల్యూహెచ్‌ఎల్ పటం చూడండి: తూర్పున మానిటోబాలో బ్రాండన్, పడమట అమెరికాలో పోర్ట్‌లాండ్. సీజన్‌కు 68 ఆటలు. ఎడ్మంటన్‌లో బుధవారం రాత్రి ఆట ముగిస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికి చేరేవాడు, తొమ్మిదింటికి బడి. బస్సులో వెనక సీట్లో తలమీద దీపం వెలిగించుకుని భౌతికశాస్త్రం లెక్కలు చేసేవాడు. ఫోనులో ఆ కాగితాల ఫొటోలు నాకు పంపేవాడు, గీతలన్నీ వంకరటింకరగా ఉండేవి.

ఇంకొకటి. పదహారేళ్ళవాళ్ళు చాలామంది మొదటి ఏడాది ఆడరు. ఒంటి మీద దెబ్బ లేకపోయినా సూటు వేసుకుని పైన కుర్చీల్లో కూర్చుంటారు. మా వాడు నవంబరు నెల దాదాపు అంతా అలాగే కూర్చున్నాడు. డ్రాఫ్టులో ఎంపిక కావడం ఇల్లు అలకడమే, పండగ కాదు. జట్టుతో మాట్లాడేటప్పుడు "మొదటి ఏడాది ఎన్ని ఆటలు?" అని నేరుగా అడగండి. సమాధానం తడబడితే అదే సమాధానం అనుకోండి.

అయినా నేను వాణ్ణి మళ్ళీ పంపమంటే పంపుతాను. పద్దెనిమిదేళ్ళకే వాడికి వచ్చిన క్రమశిక్షణ, ఓడిన రాత్రి కూడా మర్నాడు పొద్దున లేచి జిమ్‌కు వెళ్ళే అలవాటు నేను నేర్పగలిగేవి కావు.

గుంటూరు_తాతయ్య | 2025 ఆగస్టు 18

అమ్మా, నేను పాతికేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా మనవడు ఎడ్మంటన్‌లో ఈ ఆటే ఆడతాడు, పన్నెండేళ్ళు. వాడి కోసమే ఇవన్నీ చదువుతున్నాను. నాది ఒకటే ప్రశ్న, అనుభవం ఉన్నవారు చెప్పాలి. పంతొమ్మిదేళ్ళకు మోకాలు విరిగిందనుకోండి, ఈ రెండు దారుల్లో పిల్లవాడి చేతిలో ఏం మిగులుతుంది?

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 18

మాస్టారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు.

జూనియర్ లీగ్‌లో అప్పటిదాకా ఆడిన సీజన్లకు సరిపడా చదువు ఖర్చు మిగులుతుంది. మూడు సీజన్లయితే మూడేళ్ళ ఫీజు, పుస్తకాలు. కానీ చిన్న అక్షరాలు చదవాలి. మా ఒప్పందంలో, జూనియర్ ఆట ముగిశాక 18 నెలల్లో కాలేజీలో చేరకపోతే ఆ డబ్బు పోతుందని ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం సంతకం పెడితే కూడా పోతుంది. మా వాడి జట్టులో ఒకడు యూరప్‌లో ఏదో లీగ్‌కు వెళ్ళి ఏడాదిన్నర ఆడి తిరిగొచ్చేసరికి గడువు దాటింది. ఆ కుటుంబం చాలా బాధపడింది. గడువులు జట్టును బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి మీ కాగితంలో ఏముందో అదే చూడండి.

కాలేజీ దారిలో స్కాలర్‌షిప్ ఉంటే ఆ చదువే చేతిలో ఉంటుంది. గాయం కారణంగా స్కాలర్‌షిప్ తీసేస్తారా లేదా అన్నది కాలేజీని బట్టి. అదీ రాతలో అడగాలి.

మంచుబాట | 2025 ఆగస్టు 19

మిస్సిసాగా అక్కా, నేను ఆడినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. బ్రిటిష్ కొలంబియా జూనియర్ ఎ లో ఇరవై ఏళ్ళ వరకూ ఆడాను. ఆ తర్వాత ఒక చిన్న డివిజన్ 1 కాలేజీ నన్ను తీసుకుంది. నాకంటే నైపుణ్యం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆలస్యంగా ఎత్తు పెరిగింది, ఆలస్యంగా ఆట పట్టుబడింది. ఇరవై ఏళ్ళకు గానీ నన్నెవరూ చూడలేదు. ఆ రోజుల్లో నాలాంటివాళ్ళకు జూనియర్ ఎ ఒక్కటే ఆశ. ఎందుకంటే కాలేజీలు వెతకాల్సిన చోటు అదే.

ఇప్పుడు ఆ చోటు మారిపోయింది. డివిజన్ 1 లో జట్లు అరవైకి పైన ఉన్నాయి, అంతే. కాలేజీ ఆటల మీద కోర్టు దావాలో ఈ వేసవిలో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకు 26 మంది మించకూడదు. ఆ 26 చోట్ల కోసం ఇప్పుడు సీహెచ్‌ఎల్ నుంచి పంతొమ్మిదేళ్ళు, ఇరవై ఏళ్ళవాళ్ళు వరసగా నిలబడ్డారు. మూడు నాలుగేళ్ళు 68 ఆటల సీజన్లు ఆడి వచ్చినవాళ్ళు. కాలేజీ కోచ్ ఎవరిని తీసుకుంటాడు? "రెండేళ్ళలో పంపుతాం" అని మీ జూనియర్ ఎ కోచ్ అన్నాడు కదా. ఆయన మంచివాడే అయి ఉండవచ్చు. కానీ ఆ మాట ఎవరూ ఇవ్వలేరు అక్కా. 2023 లో ఇవ్వలేని మాట, 2025 లో అసలే ఇవ్వలేరు.

నాకు దీని మీద బాధ ఉంది. ఆలస్యంగా వికసించే పిల్లలకు ఈ మార్పు నష్టం చేస్తుంది. పదిహేనేళ్ళకే బయటపడ్డ ప్రతిభకు అన్ని తలుపులూ తెరిచి, పంతొమ్మిదేళ్ళకు బయటపడేవాళ్ళకు ఉన్న ఒక్క తలుపు ఇరుకు చేశారు. మీ వాడు డ్రాఫ్టయ్యాడు కాబట్టి మీకు ఇది లాభమే. కాని వాడి జట్టులోని మిగతా పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదవాలి.

మిస్సిసాగా_అమ్మ | 2025 ఆగస్టు 19

అందరికీ ధన్యవాదాలు. మావారికి, నాకు ఇద్దరికీ తెలియని విషయాలు చాలా ఉన్నాయి.

నా భయం ఒకటి చెప్పనా? ఆ బస్సు. 2018 ఏప్రిల్‌లో సస్కాచెవాన్‌లో హంబోల్ట్ జట్టు బస్సుకు ప్రమాదం జరిగి 16 మంది పోయారు. ఆ రోజు మా వాడికి తొమ్మిదేళ్ళు. మా వీధిలో ఇంటింటి ముందూ హాకీ కర్రలు నిలబెట్టారు. వాడూ తన చిన్న కర్ర తీసుకెళ్ళి అరుగు మీద పెట్టాడు. ఏడు గంటల దూరంలో ఉన్న జట్టు అంటే మొదట నాకు గుర్తొచ్చేది అదే.

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 19

అమ్మా, ఆ ఊరు మా ఇంటికి గంట దూరం. ఆ భయం పోదు, పోయిందని చెప్పను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఆ జట్టు సీహెచ్‌ఎల్ కాదు, జూనియర్ ఎ. బస్సు ప్రయాణం రెండు దారుల్లోనూ ఉంది. ఒంటారియో జూనియర్ ఎ లో దూరాలు తక్కువ, రాత్రుళ్ళు ఇంటికి వచ్చేస్తారు. ఆ తేడా నిజమే.

ఎడ్మంటన్_వెన్నెల | 2025 ఆగస్టు 19

మగపిల్లల చర్చ మధ్యలో ఒక్క మాట. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, ఫార్వర్డ్. ఆడపిల్లలకు సీహెచ్‌ఎల్ లాంటి లీగే లేదు. ఎన్‌సీఏఏ లేదా కెనడా యూనివర్సిటీలు, ఆ తర్వాత 2024 జనవరిలో మొదలైన మహిళల వృత్తి లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్. ఆ లీగ్ జట్లలో ఎక్కువమంది అమెరికా కాలేజీల నుంచి వచ్చినవారే. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నవారు "మా అబ్బాయికి చేసినట్టే అమ్మాయికీ" అని అనుకోకండి. అమ్మాయిలకు తొమ్మిదో తరగతి నుంచే మార్కుల పట్టిక తయారుగా ఉండాలి.

నీలిగీత | 2025 ఆగస్టు 20

మంచుబాట రాసినది నా మనసును కదిలించింది. అందుకే ఇంకొంచెం లోతుగా వెళ్తాను. కాలేజీ ఆట ఎలా ఉంటుందో, జూనియర్ ఆట ఎలా ఉంటుందో దగ్గరగా చూసి చెప్పేవాళ్ళు తక్కువ.

కాలేజీ సీజన్‌లో ప్లేఆఫ్స్ కాకుండా ఆటలు సుమారు 34. శుక్ర, శనివారాల్లోనే ఎక్కువగా ఆడతారు. సోమవారం నుంచి గురువారం వరకు సాధన, జిమ్, తరగతులు. మా వాడు మొదటి ఏడాది బరువు ఎత్తడంలోనే మారిపోయాడు. భుజాలు పెరిగి చొక్కాలన్నీ తమ్ముడికి ఇచ్చేశాడు. జూనియర్‌లో అలా కుదరదు, ఆటలు రెట్టింపు. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ 80కి పైగా ఆటలు కాబట్టి ఆ లయకు జూనియర్ దగ్గరగా ఉంటుంది. శరీరం ఇంకా పెరగాల్సిన కుర్రాడికి కాలేజీ వారం మేలు. అప్పటికే బలంగా ఉండి, ఆట అనుభవం కావాల్సినవాడికి జూనియర్ మేలు.

కాలేజీలో ఎదురుగా ఉండేవాళ్ళు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ మగవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు మంచు మైదానం గోడల దగ్గర పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) కోసం వాళ్ళతో పెనుగులాడాలి. మా వాడికి మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం నడుముకు మంచుగడ్డ కట్టుకోవడమే పని. ముఖమంతా కప్పే జాలీ అక్కడ తప్పనిసరి, తల్లులకు అదొక ఊరట. సీహెచ్‌ఎల్‌లో సగం అద్దమే.

ఉదాహరణలు కావాలంటే రెండు వైపులా ఉన్నాయి. కేల్ మకార్ కాల్గరీ కుర్రాడు. అతని డబ్ల్యూహెచ్‌ఎల్ హక్కులు మెడిసిన్ హ్యాట్ జట్టు దగ్గర ఉన్నా వెళ్ళలేదు. బ్రూక్స్‌లో జూనియర్ ఎ ఆడి మసాచుసెట్స్ యూనివర్సిటీకి వెళ్ళాడు. 2017 లో నాలుగో స్థానంలో డ్రాఫ్టయ్యాక కూడా ఎన్‌హెచ్‌ఎల్‌కు పరుగెత్తకుండా కాలేజీలో రెండు సీజన్లు ఆడాడు. 2019 లో కాలేజీ హాకీలో అత్యున్నతమైన హోబీ బేకర్ అవార్డు, 2022 లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు, ఆ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ. 2024 లో మొదటి స్థానంలో డ్రాఫ్టయిన మాక్లిన్ సెలెబ్రినీ బోస్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. 2023 లో మొదటివాడు కానర్ బెడార్డ్ రెజైనా నుంచి, అంటే డబ్ల్యూహెచ్‌ఎల్. కానర్ మెక్‌డేవిడ్ ఓహెచ్‌ఎల్‌లో ఈరీ నుంచి.

ఈ ఏడాది అందరి కళ్ళూ గావిన్ మెకెన్నా మీద ఉన్నాయి. గత సీజన్ మెడిసిన్ హ్యాట్‌కు 56 ఆటల్లో 129 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాసులు కలిపి) చేసినవాడు, సీహెచ్‌ఎల్ ఉత్తమ ఆటగాడు. జూనియర్‌లో ఇంకో ఏడాది ఆడగలిగి ఉండీ గత నెలలో పెన్ స్టేట్ కాలేజీకి వెళ్తున్నానని ప్రకటించాడు. ముందు జూనియర్, తర్వాత కాలేజీ అనే కొత్త వరస అంత పేరున్నవాడే పట్టాడు. ఇక మిగతావాళ్ళూ అదే దారి పడతారని నా నమ్మకం.

గోలీ_అమ్మ | 2025 ఆగస్టు 20

గోలీలకు (గోల్ కాపలా కాసేవాళ్ళకు) ఈ లెక్కలేవీ కుదరవండీ. వాళ్ళు ఆలస్యంగా పండుతారు. ఈ జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్న కానర్ హెలబక్‌ను చూడండి. టెక్సాస్‌లో ఒడెస్సా అనే ఊళ్ళో జూనియర్ ఆడాడు. 2012 లో 130వ వాడిగా డ్రాఫ్టయ్యాడు. ఆ తర్వాత మసాచుసెట్స్ లోవెల్ కాలేజీ. పదహారేళ్ళకు అతని పేరు ఎవరికి తెలుసు? గోలీల తల్లిదండ్రులు తొందరపడొద్దని నా విన్నపం.

డాలస్_నాన్న | 2025 ఆగస్టు 20

గోలీ అమ్మగారూ, ఆ ఒడెస్సా మాకు ఆరు గంటల లోపే. మా ఊరి రింకులో ఇప్పటికీ చిన్న గోలీలకు ఆ కథ చెప్తారు.

వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. మిస్సిసాగా గారి అబ్బాయికి కెనడా పౌరసత్వం ఉంటే అమెరికా కాలేజీకి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టులో వీసా ముద్ర అక్కర్లేదు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంతో సరిహద్దు దగ్గర ఎఫ్-1 (విద్యార్థి) హోదా తీసుకుంటారు. శాశ్వత నివాస కార్డు మాత్రమే ఉండి భారత పాస్‌పోర్టు ఉన్నవారు వీసా ఇంటర్వ్యూకు వెళ్ళాల్సిందే. ఆ వేసవిలో తేదీ దొరక్కపోతే సెప్టెంబరు గడిచిపోతుంది. కాలేజీ ఆటగాళ్ళు ఇప్పుడు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ప్రకటనల ద్వారా సంపాదించవచ్చని అంటారు గానీ ఎఫ్-1 మీద ఉన్న పిల్లలకు అమెరికాలో ఆ పని చేయడం చాలా చిక్కు. ఆ డబ్బును లెక్కలో వేసుకోవద్దు.

ఇక్కడ హెచ్-4 మీద ఉన్న మా లాంటి కుటుంబాలకు వేరే తలనొప్పి. మా వాడికి పదిహేను. హెచ్-4 మీద పని చేయకూడదు. జూనియర్ జట్టు ఇచ్చే చిన్న భత్యమైనా పని కిందికి వస్తుందా అని వలస వకీలును అడగకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. ఇరవై ఒకటి నిండితే ఆ హోదాయే ఉండదు. హాకీలో చాలామంది ఇరవై ఏళ్ళకు గానీ కాలేజీలో చేరరు. ఆ రెండు తేదీలూ ఢీకొంటాయి. వీసా మీద ఉన్న తల్లిదండ్రులు పద్దెనిమిదేళ్ళకే కాలేజీలో చేర్చే ఆలోచన చేయాలి, అది కింది స్థాయి డివిజన్ 3 అయినా సరే.

నిర్వాహకుడు | 2025 ఆగస్టు 20

చర్చ చక్కగా సాగుతోంది. తమ పిల్లలు ఆడే క్లబ్బుల పేర్లు, కోచ్‌ల పేర్లు రాయవద్దని మనవి. పిల్లలు గుర్తుపట్టేలా ఫొటోలు కూడా పెట్టవద్దు.

మంచుబాట | 2025 ఆగస్టు 21

మన దేశం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్లో రెండు కథలు అందరూ తెలుసుకోవాలి. ఇద్దరూ వాంకూవర్ పక్కనున్న సర్రేవాళ్ళే, పంజాబీ కుటుంబాలు. జుఝార్ ఖైరా 2012 లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఎడ్మంటన్‌కు డ్రాఫ్టయి మిచిగన్ టెక్ కాలేజీలో చేరాడు. ఒక్క ఏడాది ఆడి అక్కణ్ణుంచి డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఎవరెట్‌కు వచ్చేశాడు. ఆ రోజుల్లో కాలేజీ నుంచి జూనియర్‌కు రావచ్చు గానీ తిరిగి వెళ్ళే వీల్లేదు. అయినా తనకు ఏది సరిపోతుందో చూసుకుని మార్చుకున్నాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు.

అర్షదీప్ బైన్స్ రెడ్ డీర్‌లో ఆడాడు. 2021-22 లో 112 పాయింట్లతో డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికీ మొదటివాడు. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో ఏ జట్టూ అతణ్ణి తీసుకోలేదు. ఆ సీజన్‌లోనే సొంత ఊరి పక్కనున్న వాంకూవర్ జట్టు పిలిచి ఒప్పందం ఇచ్చింది. ఇరవై ఏళ్ళు వచ్చినా జూనియర్‌లో ఓపికగా నిలబడినందుకే ఆ పిలుపు వచ్చింది. నాకు ఆయన కథంటే చాలా ఇష్టం.

మిస్సిసాగా_అమ్మ | 2025 ఆగస్టు 21

మావారితో, మా అబ్బాయితో కూర్చుని ఈ పేజీ అంతా చదివాం. వాడు ఒక మాట అన్నాడు: "అమ్మా, నేను ఆడాలి. కూర్చోవడానికి ఏడు గంటలు వెళ్ళను." నాకు ఆ మాట నచ్చింది. ఇప్పుడు నా ప్రశ్న వేరే. ఈ ఏడాది ఇంటి దగ్గరే ఉంచి వచ్చే ఏడాది పంపితే ఆ ఓహెచ్‌ఎల్ జట్టు కోపగించుకుని వాణ్ణి వదిలేస్తుందా? పదకొండు, పన్నెండు తరగతుల మార్కులు అమెరికా కాలేజీకి ఎంతవరకు ముఖ్యం?

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 21

మొదటిదానికి నేను చెప్తాను. డ్రాఫ్టులో ఎంచుకున్న జట్టు దగ్గర హక్కులు అలాగే ఉంటాయి, ఈ ఏడాది సంతకం పెట్టకపోతే పోవు. చాలామంది పదహారేళ్ళవాళ్ళు ఇంటి దగ్గరే ఆడుతూ అనుబంధ ఆటగాడిగా నమోదవుతారు. జట్టులో ఎవరికైనా గాయమైతే పిలుస్తారు, కొన్ని ఆటలు ఆడి తిరిగి వస్తారు. మధ్య రౌండ్లలో వచ్చిన పిల్లలకు ఇది సర్వసాధారణం. మీరు మర్యాదగా అడిగితే ఏ జట్టూ కోపగించుకోదు. కోపగించుకునే జట్టయితే అక్కడ పిల్లవాణ్ణి ఉంచడం గురించి మళ్ళీ ఆలోచించాలి.

ట్రేడ్ సంగతి కూడా అడగండి. జూనియర్ లీగ్‌లో చాలా సందర్భాల్లో మీ వాణ్ణి మీ అనుమతి లేకుండా ఇంకో ఊరి జట్టుకు ఇచ్చేయవచ్చు. మా వాణ్ణి పంతొమ్మిదేళ్ళప్పుడు జనవరి గడువు రోజున మార్చారు. మధ్యాహ్నం ఫోను, మర్నాడు పొద్దున కొత్త ఊళ్ళో సాధన. అప్పుడు యూనివర్సిటీలో రెండు కోర్సులు చదువుతున్నాడు. ఒకటి ఆన్‌లైన్‌లోకి మార్చుకున్నాడు, రెండోది వదులుకున్నాడు. కాలేజీ హాకీలో మీ వాణ్ణి ఎవరూ అలా పంపలేరు. తల్లిగా మీకు ఇది అన్నిటికన్నా పెద్ద తేడా అనిపించవచ్చు.

నీలిగీత | 2025 ఆగస్టు 21

రెండోదానికి నేను. డివిజన్ 1 కు 16 ప్రధాన కోర్సులు పూర్తి చేయాలి: ఇంగ్లిషు, లెక్కలు, విజ్ఞానశాస్త్రం, సామాజికశాస్త్రం వగైరా. వాటిలో సగటు, 4 పాయింట్ల లెక్కలో, కనీసం 2.3 ఉండాలి. అది కనీసం మాత్రమే, మంచి కాలేజీలు అంతకంటే చాలా ఎక్కువ చూస్తాయి. చాలామంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది: పన్నెండో తరగతి మొదలయ్యేలోపు ఆ 16 లో 10 పూర్తయి ఉండాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిషు, లెక్కలు, విజ్ఞానశాస్త్రాల్లోనే ఉండాలి. అంటే మీ వాడికి ఈ పదకొండో తరగతే కీలకం. జూనియర్ జట్టుతో తిరుగుతూ "భారం తగ్గిద్దాం" అని ఈ ఏడాది రెండు సబ్జెక్టులు వాయిదా వేస్తే తర్వాత సరిచేయడానికి వీలుండదు. ఒంటారియోలో యూనివర్సిటీ స్థాయి కోర్సులే తీసుకోమనండి. ప్రతి కోర్సూ ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో బడి కౌన్సెలర్‌తో కలిసి చూసుకోండి.

అన్నట్టు మీ వాడికి లెక్కలు, రసాయన శాస్త్రం ఇష్టమన్నారు. కార్నెల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలేవీ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. కానీ అక్కడ హాకీ ఉన్నత స్థాయిలో ఉంటుంది, చదువు గురించి చెప్పేదేముంది. అలాంటి చోట్లకు మార్కులే మొదటి మెట్టు. ఈ ఆగస్టు 1 నుంచి కాలేజీ కోచ్‌లు వాడి ఏడాది పిల్లలకు నేరుగా మాట ఇవ్వవచ్చు. కాబట్టి మీ జూనియర్ ఎ కోచ్ చెప్పే వరకు ఆగకుండా వాడి చేతే నాలుగైదు కాలేజీలకు ఉత్తరం రాయించండి. ఆట వీడియో, మార్కుల పట్టిక, ఈ ఏడాది ఎక్కడ ఆడుతున్నాడో. ఉత్తరం మీరు రాయొద్దు. కోచ్‌లు ఇట్టే పసిగడతారు.

గుంటూరు_తాతయ్య | 2025 ఆగస్టు 22

సస్కటూన్ బాబూ, మీ అబ్బాయి యూనివర్సిటీ హాకీ గురించి ఇంకొంచెం చెప్పు. అది ఆటకు ముగింపేనా?

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 22

కానే కాదు మాస్టారూ. కెనడా యూనివర్సిటీ జట్లలో సీహెచ్‌ఎల్‌లో ఆడివచ్చినవాళ్ళు బోలెడంతమంది. ఆట గట్టిగా ఉంటుంది. న్యూ బ్రన్స్‌విక్ యూనివర్సిటీ 2023-24 సీజన్‌లో ఆడిన 43 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయింది. ఒక్కటీ ఓడలేదు. అక్కణ్ణుంచి యూరప్ లీగ్‌లకు, ఇక్కడి చిన్న వృత్తి లీగ్‌లకు వెళ్ళేవాళ్ళున్నారు. మా వాడికి ఇంకో రెండేళ్ళు ఉంది. బుధవారం ప్రయోగశాల, శుక్రవారం ఆట. సంతోషంగా ఉన్నాడు.

మిస్సిసాగా_అమ్మ | 2025 ఆగస్టు 23

మేము ఒక నిర్ణయానికి వచ్చాం. శిబిరానికి పంపుతున్నాం. వాడు పూర్తిగా ఆడి చూపించాలి, ఆ స్థాయి ఎలా ఉందో వాడికే తెలియాలి. రాకపోకలు మావారు చూసుకుంటారు. ఈ ఏడాది సంతకం పెట్టమంటే, మొదటి రెండు జతల డిఫెన్స్‌లో ఆడిస్తామని చెప్పగలిగితే తప్ప, అనుబంధ ఆటగాడిగా ఉంచమని అడుగుతాం. ఆ మాట వాడి చేతే చెప్పిస్తాం. పదకొండో తరగతి మిస్సిసాగాలోనే, యూనివర్సిటీ స్థాయి లెక్కలు, రసాయన శాస్త్రం, భౌతికశాస్త్రంతో. జూనియర్ ఎ జట్టులోనే ఆడతాడు. ఆ కోచ్‌కు కూడా మా ఆలోచన నిన్న దాచకుండా చెప్పాం, ఆయన అర్థం చేసుకున్నాడు. వచ్చే ఆగస్టులో పదిహేడేళ్ళప్పుడు ఓహెచ్‌ఎల్, ఆ తర్వాత వీలైతే కాలేజీ.

స్కాలర్‌షిప్ గడువు, ట్రేడ్, మొదటి ఏడాది ఆటలు, కాలేజీకి వెళ్తే ఆ స్కాలర్‌షిప్ ఏమవుతుంది, బడి మారితే ట్యూషన్ ఎవరు చూస్తారు: వీటన్నిటికీ జవాబులు కాగితం మీద అడుగుతాం. ఒప్పందాన్ని మన తెలుగు వకీలు ఒకరికి చూపిస్తాం.

సస్కటూన్_నాన్న | 2025 ఆగస్టు 23

చాలా మంచి నిర్ణయం అమ్మా. శిబిరంలో మొదటి రోజు వాడు తడబడినా కంగారుపడకండి. పంతొమ్మిదేళ్ళవాళ్ళ వేగం అలవాటు కావడానికి రెండు పూటలు పడుతుంది. రెండో రోజు నుంచి చూడండి.

నీలిగీత | 2025 ఆగస్టు 23

బయల్దేరే ముందే ఎన్‌సీఏఏ అర్హత కేంద్రంలో వాడి పేరు నమోదు చేయించండి. తొమ్మిది, పది తరగతుల మార్కుల పట్టికలు కౌన్సెలర్ ద్వారా ఇప్పుడే పంపిస్తే, ఏ కోర్సు లెక్కలోకి రాలేదో బడి తెరిచిన మొదటి వారంలోనే తెలిసిపోతుంది. సబ్జెక్టు మార్చుకోవడానికి అప్పుడు మాత్రమే సమయం ఉంటుంది. శిబిరం నుంచి వచ్చాక ఇక్కడ రాయండి, ఐవీ కాలేజీలకు రాసే ఉత్తరంలో ఏమేమి ఉండాలో నా దగ్గరున్న నమూనా పంపుతాను.